ఐదు రోజుల అడవి

ఏప్రిల్ చివరి శనివారం. పొద్దు గుంకినా గచ్చిబౌలిలో గోడల వేడి దిగలేదు. పద్నాలుగో అంతస్తు బాల్కనీలో రెండు కుర్చీలు, మధ్యలో స్టూలు మీద మజ్జిగ చెంబు. ఎదురుగా అద్దాల భవనాలు. వాటి సందులోంచి సెంట్రల్ యూనివర్సిటీ వైపు సన్నని పచ్చగీత ఒకటి కనిపిస్తోంది. చీకటి పడితే అదీ కనిపించదు.

ఒక కుర్చీలో ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మేనల్లుడు. ఇంకో కుర్చీలో భువనగిరి నుంచి వచ్చిన మేనత్త. ముప్పై ఏళ్లకు పైగా జిల్లా పరిషత్ బడుల్లో జీవశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి. బడిలో గైడ్స్ కెప్టెన్‌గా కూడా చేసింది. ఇద్దరి మధ్యా ఒక ఫోను చేతులు మారుతోంది. అందులో ఒక కరపత్రం. పిల్లలకు ప్రకృతి శిబిరం, వికారాబాద్ వైపు, మే రెండో వారంలో ఐదు పగళ్లు, నాలుగు రాత్రులు. గుడారం వేయడం, తాడు ముడులు, బండ ఎక్కడం, దిక్సూచితో దారి పట్టడం, పిట్టల్ని గుర్తుపట్టడం, కట్టెల పొయ్యి మీద వండుకోవడం నేర్పుతారట.

"ఐదు రోజులకు ఇన్ని పైసలా?" అంది అత్త.

"పైసలు ఇడిచిపెట్టు అత్తమ్మా. నేర్పేది చూడు."

"నేర్పేది చూసే అడుగుతున్న. కట్టెలు ఏరుడు, పొయ్యి అంటించుడు, చెట్టు పేరు చెప్పుడు. ఇవి మీ నాయిన నీకు పైసలు తీసుకొని నేర్పిండా?"

"నాయిన నాకు నేర్పనే లేదు. అదే గదా నా బాధ."

అత్త చెంబు వంచి గ్లాసులో మజ్జిగ పోయబోతూ ఆగింది. అల్లుడు ఆపలేదు. "ఆరో తరగతిల నన్ను హాస్టల్ల ఏసిన్రు. ఇంటర్ రెండేండ్లు పొద్దున ఐదు నుంచి రాత్రి పదకొండు దాక చదువే. మన బావిల నా ఈడు పిల్లలు సొరకాయ బుర్రలు నడుముకు కట్టుకొని దుంకుతుంటే, సెలవులకు వచ్చిన నేను గట్టు మీద కూసొని చూసిన. ఇయ్యాల్టికీ నాకు ఈత రాదు. నా బిడ్డకు పదేండ్లు. లిఫ్టు, బస్సు, క్లాసు, మళ్ల లిఫ్టు. మట్టిల కాలు పెట్టమంటే చెప్పులు ఏవని అడుగుతది. నాకు రాని విద్య నేనెట్ల నేర్పుత? వచ్చినోళ్ల దగ్గరికి పంపొద్దా?"

ఈ మాట అతనొక్కడిదే కాదు. గచ్చిబౌలి, కొండాపూర్, నానక్‌రాంగూడ అపార్ట్‌మెంట్లలో ఇవాళ పిల్లల్ని పెంచుతున్న తండ్రుల్లో చాలామంది ఊళ్లలో పుట్టి, హాస్టళ్లలో పెరిగినవాళ్లు. ఊరికీ తమకూ మధ్య తెగిపోయినదేదో వాళ్లకు తెలుసు. వేసవి శిబిరాల కరపత్రాలు నేరుగా ఆ తెగిన చోటే తాకుతాయి.

"సరే, నేర్సుకోనియ్యి," అంది అత్త. "నేను నేర్చుకోవద్దంటలేను. ఐదు రోజులల్ల వచ్చేది విద్య కాదంటున్న. ఈత ఐదు రోజులల్ల వస్తదా? వచ్చినా, మళ్ల ఏడాది దాక నీళ్లల్ల దిగకపోతే ఉంటదా? ఫొటోలు మిగుల్తయి. గుడారం ముంగట నిలవడి ఒకటి, తాడుకు వేలాడుతూ ఒకటి."

"అయితే పూర్ణ సంగతి చెప్పు," అన్నాడు అల్లుడు. ఈ మాట కోసమే కాచుకొని కూర్చున్నట్టు ముందుకు వంగాడు. "మీ భువనగిరి బండ మీద నేర్సుకున్న పిల్లే గదా?"

అతని చేతిలో ఉన్నది గట్టి ఉదాహరణే. 2014 మే 25న మాలావత్ పూర్ణ ఎవరెస్టు శిఖరం మీద నిలబడింది. అప్పటికి ఆమె వయసు పదమూడేళ్ల పదకొండు నెలలు. అంత చిన్న వయసులో ఆ 8,848 మీటర్ల ఎత్తును అంతకు ముందు ఏ ఆడపిల్లా చేరలేదు. నిజామాబాద్ జిల్లా పాకాల ఆమె ఊరు. తల్లిదండ్రులు వ్యవసాయ కూలీలు. చదువు తాడ్వాయి సాంఘిక సంక్షేమ గురుకులంలో. అదే యాత్రలో ఖమ్మం జిల్లా పిల్లవాడు సాధనపల్లి ఆనంద్ కుమార్ కూడా శిఖరం చేరాడు. ఇద్దరికీ బండ మీద మొదటి పాఠాలు భువనగిరి కోట గుట్టపై నడిచిన రాక్ క్లైంబింగ్ శిక్షణలో అందాయి.

"చూడత్తమ్మా, ఆ పిల్ల పొలాలల్ల పెరిగింది. మట్టి, ఎండ, గుట్ట అన్నీ ఎరుకే. అయినా తాడు పట్టుడు, హార్నెస్ కట్టుకొనుడు, కింద నిలవడ్డ మనిషిని నమ్మి కాలు జరుపుడు ఒకరు నేర్పితేనే వచ్చినయి. పల్లెల పుట్టినంత మాత్రాన పర్వతం ఎక్కుడు రాదు. పొలాల పిల్లకే గురువు కావాల్సి వస్తే, లిఫ్టుల పెరిగిన నా బిడ్డకు వద్దంటవా?"

అత్త నవ్వలేదు. "ఆ పిల్లలను నేను కండ్లార చూసిన. పొద్దున ఏడు గాక ముందే గుట్ట కింద వరుసల నిలవడేది. వందకు పైన పిల్లలు మొదలువెడితే ఆఖరికి ఇద్దరు మిగిలిన్రు. భువనగిరి తర్వాత డార్జిలింగ్‌ల హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్. ఆ తర్వాత చలికాలంల లడఖ్. నెలలకు నెలలు నడిచిందది. అది నడిపించింది సర్కారు. గురుకుల పిల్లల దగ్గర పైసా తీసుకోలె. నువ్వు చెప్పిన పేరే నా దిక్కు మాట్లాడుతున్నది రా."

కాసేపు ఇద్దరూ మాట్లాడలేదు. కింద రోడ్డు మీద క్యాబ్‌ల హారన్లు పైదాకా వస్తున్నాయి.

మళ్లీ మొదలుపెట్టింది అత్తే. "అదే సంవత్సరం ఇంకోటి జరిగింది. యాదికున్నదా?"

అతనికి గుర్తుంది. తెలంగాణలో ఆ వేసవి గుర్తులేని ఇల్లు లేదు. పూర్ణ శిఖరం చేరిన పద్నాలుగో రోజు, 2014 జూన్ 8 సాయంత్రం, హిమాచల్ ప్రదేశ్ మండీ జిల్లా థలౌట్ దగ్గర బియాస్ నదిలో హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది కొట్టుకుపోయారు. విహారయాత్రకు వెళ్లి, నది మధ్య రాళ్ల మీద నిలబడి ఫొటోలు తీసుకుంటున్నారు. పైనున్న లార్జి ఆనకట్ట నుంచి నీళ్లు వదిలారు. నిమిషాల్లో రాళ్లు మునిగిపోయాయి. పిల్లలు ఒకరినొకరు పట్టుకొని నిలబడిన ఆ దృశ్యం టీవీల్లో చూసినవాళ్లు ఇప్పటికీ మరిచిపోలేరు. ఆ రెండు వారాల నడుమనే, జూన్ 2న, కొత్త రాష్ట్రం పుట్టింది. ఒక కూలి ఇంటి బిడ్డను ప్రపంచం మీద అందరికన్నా ఎత్తున నిలబెట్టిన నేల, అదే పక్షం రోజుల్లో అంతమంది బిడ్డల్ని ఒక నదిలో పోగొట్టుకుంది.

అల్లుడి గొంతు తగ్గింది. "అందుకే అంటున్న అత్తమ్మా. సన్నగ పారుతున్నట్టు కనవడే నది, పైన గేట్లు ఎత్తితే ఎట్ల పొంగుతదో ఆ పిల్లలకు బడిల ఎవరు చెప్పిన్రు? ఇంజనీరింగ్ దాక చదివిన్రు. నది ఒడ్డున నిలవడి నీళ్ల రంగు మారుడు, చప్పుడు మారుడు కనిపెట్టుడు రాలె. శిబిరాలల్ల చెప్పాల్సింది అదే. నా బిడ్డకు ఎవరెస్టు వద్దు. ఎక్కడ కాలు పెట్టొద్దో తెలిస్తే చాలు."

"పిల్లల మీద ఎత్తకు," అంది అత్త కొంచెం గట్టిగా. "ఇరువై ఏండ్ల పిల్లలు నీళ్లు కనవడితే దిగుతరు. నువ్వూ దిగుతవు. తీసుకపోయేటోళ్లు ముందుగాల తెలుసుకోవాలె, ఆ నది ఎవలది, గేట్లు ఎప్పుడు ఎత్తుతరు, ఏ సైరన్‌కు ఏం అర్థమని. మరి నీ కరపత్రం పంపినోళ్ల గురించి నీకేం ఎరుక? ఫోన్‌ల బొమ్మ తప్ప?"

ఇక్కడ అత్త మాటే బరువైనది. మన దగ్గర పిల్లలకు ఈత నేర్పే కొలను దగ్గర కూడా రక్షకుడు ఎవరని అడగకుండా డబ్బు కట్టేవాళ్లే ఎక్కువ. గుట్టల్లోకి, వాగుల్లోకి పిల్లల్ని తీసుకెళ్లేవాళ్లను అడగాల్సినవి ఇంకా ఎక్కువ ఉన్నాయి. అడగడానికి ఆధారం లేకపోలేదు. సాహస పర్యటనలకు కేంద్ర పర్యాటక శాఖ 2018లో మార్గదర్శకాలు విడుదల చేసింది. పర్వతారోహణ సంస్థల్లో బేసిక్, అడ్వాన్స్ కోర్సుల తర్వాత, నేర్పేవాళ్ల కోసమే 'మెథడ్ ఆఫ్ ఇన్‌స్ట్రక్షన్' అనే కోర్సు ఉంది. ఎక్కడం వచ్చినవాళ్లందరికీ ఎక్కించడం రాదని ఆ సంస్థలకు తెలుసు.

గురువు మాట వచ్చేసరికి అల్లుడికి ఇంకో సంగతి తట్టింది. "మన ఊరి గౌడ్ల సంగతి చెప్పనా? మోకు, ముస్తాదు పట్టుకొని తాత ముత్తాతల నుంచి తాళ్లెక్కుతున్నరు. వాళ్ల కన్న ఎక్కుడు తెలిసినోళ్లు ఎవరున్నరు? అయినా చెట్టు మీది నుంచి పడి పోయినోళ్లు ఎందరు! 2024 జూలైల సర్కారు కాటమయ్య రక్షణ కవచమని కిట్లు ఇచ్చింది. అది ఎట్ల వాడాల్నో శిక్షణ ఇచ్చిన్రు. గుట్టలెక్కెటోళ్లు వాడే తాళ్లు, బెల్టుల తీరే అవి. తరాల విద్యకే కొత్త గురువు కావాల్సి వచ్చింది. నువ్వు నేర్పిన ముడి గొప్పదే. దాని మీద ఇంకో ముడి నేర్సుకుంటె తప్పేంది?"

ఈసారి అత్త తల ఊపింది. ఆమె సొంత ఊళ్లోనే తాటిచెట్టు మీది నుంచి పడి నడుము విరిగిన మనిషి ఉన్నాడు. ఆయన కొడుకు ఆమె దగ్గరే చదువుకున్నాడు. "గది ఒప్పుకుంట," అంది. "కిట్టు మంచిదే. గాని చూడు, అది రోజూ చెట్టెక్కెటోనికి ఇచ్చిన్రు. నీ బిడ్డకు చెట్టేది?"

ఈలోపు ఆ బిడ్డే బాల్కనీలోకి వచ్చింది. బట్టలు ఆరేసే నైలాన్ తాడు మిగులు ముక్క ఒకటి చేతిలో ఉంది. అమ్మ అల్మరా సర్దుతుంటే దొరికిందట. అత్త ఆ తాడు తీసుకొని కుర్చీ కాలికి ఒక చుట్టు వేసి, మడతపెట్టి, మడతను సందులోంచి గుంజి బిగించింది. రెండు రెప్పపాట్ల పని. "గుంజు," అంది పిల్లతో. పిల్ల గుంజింది. కుర్చీ జరిగింది గాని ముడి ఊడలేదు, ఇంకా బిగిసింది. "ఇప్పుడు ఈ కొస పట్టి గుంజు." కొస పట్టి లాగగానే ముడి మొత్తం జారి తాడు చేతిలోకి వచ్చింది. పిల్ల నోరు తెరిచింది.

"ఎద్దును కట్టేసే ముడి. ఎద్దు ఎంత గుంజితే అంత బిగుస్తది. మనిషి కొస అందుకుంటే ఒక్క గుంజుకు ఊడుతది. కొట్టం అంటుకున్నదనుకో, వాగు పొంగి ఊళ్లెకు వచ్చిందనుకో, ముడి విప్పుకుంట కూసుంటే పశువు బతుకుతదా?"

తండ్రి ఫోనులో ఇంకో ముడి చూపించాడు. బండ ఎక్కేవాళ్లు నడుము పట్టీకి కట్టుకునే 'ఫిగర్ ఆఫ్ ఎయిట్'. తాడు చివర చేయి పొడవంత వదిలి మెలితిప్పితే ఎనిమిది అంకె ఆకారం వస్తుంది. కొసను నడుము పట్టీ కంతలోంచి పోనిచ్చి, వచ్చిన దారినే వెనక్కి, మలుపు మలుపునా పక్కపక్కనే నడిపించాలి. చివర జానెడు కొస మిగలాలి. ముడి సరిగ్గా పడితే ఐదు చోట్ల తాడు జంటలుగా కనిపిస్తుంది. నాలుగే కనిపిస్తే విప్పి మళ్లీ కట్టాలి. ఎక్కేవాళ్లు ఒకసారి, కింద తాడు పట్టుకున్నవాళ్లు ఒకసారి లెక్కపెట్టాకే కాలు నేల వదలాలి. పిల్ల మూడుసార్లు కట్టింది. మొదటి రెండుసార్లూ నాలుగు జంటలే వచ్చాయి. మూడోసారి అత్త వేలితో తాకుతూ లెక్కపెట్టింది. ఐదు.

"ఇది ఊడది," అంది అత్త ముడిని అటూ ఇటూ తిప్పి చూస్తూ. "నాది ఊడాలె. ఇది ఊడొద్దు. రెండూ కావాల్సినయే." ఆ ముడిని ఆమె చేతిలోంచి చాలాసేపు వదల్లేదు. విద్య ఎవరిదైనా దాన్ని చూడగానే పోల్చుకునే టీచరు ఆమె.

తాడు పట్టుకొని పిల్ల లోపలికి పరుగెత్తింది. వాదం మళ్లీ మొదలైంది, ఈసారి కొంచెం మెత్తగా.

"మొదటి స్కౌట్ క్యాంపు ఎక్కడ పెట్టిన్రో ఎరుకేనా?" అడిగింది అత్త. "1907 ఆగస్టుల, ఇంగ్లండ్‌ల బ్రౌన్‌సీ అనే దీవి మీద. బేడెన్ పవెల్ ఇరువై మంది పిల్లలను తీసుకపోయిండు. కొందరు పెద్దింటి బడుల పిల్లలు. కొందరు పక్క పట్నాల మామూలు ఇండ్ల పిల్లలు. అందరినీ కలిపి జట్లు కట్టిండు. మా బడిల గైడ్స్‌కు నేను మొదటి రోజు చెప్పే ముచ్చట అదే. నీ కరపత్రంల మీ వాచ్‌మన్ బిడ్డ పేరు ఉంటదా?"

"ఆ పిల్ల ఫీజు నేను కడత."

"ఈ ఏడు కడతవు. వచ్చే ఏడు? నువ్వు మంచోడివైతే ఒక పిల్ల పోతది. బడి మంచిదైతే అందరు పోతరు." ఆమె అక్కడితో ఆ మాట ఆపేసింది. అల్లుడు కూడా పొడిగించలేదు. దానికి అతని దగ్గర సమాధానం లేదు, చెప్పాలంటే మన ప్రభుత్వ బడుల దగ్గరా లేదు. స్కౌట్స్, గైడ్స్ దళాలు ఎన్ని బడుల్లో పేరుకు మాత్రమే మిగిలాయో టీచర్లకు తెలుసు.

"ఇంకోటి, మే నెలనే ఎందుకు?" అంది అత్త. "పదకొండు గంటలకు నల్లబండ మీద చెయ్యి పెట్టి చూసినవా? మన దగ్గర బండ ఎక్కాలన్నా, పిట్టలు చూడాలన్నా వానకాలం పోయినంక మంచిగుంటది."

"బడి సెలవులు మేలనే గదా. పొద్దున ఐదున్నర నుంచి తొమ్మిది దాక, మళ్ల సాయంత్రమే బయటి పని అని రాసిన్రు చూడు. నడి మధ్యాహ్నం నీడపట్టున కూసోవెడతరంట. మేల చూసేటియి లేవా? రేల పూలు, తునికి పండ్లు, తాటి ముంజలు..."

"తాటి ముంజలు యాదికుంచుకున్నవు, సంతోషం."

అల్లుడు చివరికి లెక్కలు తీశాడు. అతని వృత్తి అది. పిల్లకు పోయిన నెలే కళ్లజోడు వచ్చింది. చైనాలోని గ్వాంగ్‌జౌ నగరంలో 12 బడుల ఒకటో తరగతి పిల్లల మీద జరిగిన పరిశీలన గురించి డాక్టరు చెప్పిందట. 2015లో అమెరికా వైద్య పత్రిక 'జామా'లో వచ్చింది. సగం బడుల్లో పిల్లల్ని రోజూ 40 నిమిషాలు అదనంగా ఆరుబయట ఉంచారు. మూడేళ్ల తర్వాత చూస్తే, బయట తిరిగిన పిల్లల్లో 30.4 శాతం మందికి, మిగతావాళ్లలో 39.5 శాతం మందికి దగ్గరచూపు సమస్య వచ్చింది. "ఆరుబయట ఉండుడు మందు లెక్క పనిచేస్తది అత్తమ్మా. నేను చెప్పుతలేను, డాక్టర్లు చెప్పుతున్నరు."

"మళ్ల చదువు," అంది అత్త.

"ఏంది?"

"రోజూ ఎన్ని నిమిషాలు?"

"నలభై."

"ఎన్నేండ్లు?"

అతను జవాబు చెప్పలేదు. మూడేళ్లపాటు రోజూ నలభై నిమిషాలు. సంవత్సరానికి ఐదు రోజులు కాదు.

అత్త లేచి రెయిలింగ్ దగ్గరికి వెళ్లింది. యూనివర్సిటీ వైపు పచ్చగీత దాదాపు చీకట్లో కలిసిపోయింది. "ఆ పక్కనే గదా అప్పుడు పొక్లెయిన్లు దిగింది?"

కంచ గచ్చిబౌలి సంగతి అడుగుతోంది ఆమె. 2025 మార్చి చివర్లో యూనివర్సిటీని ఆనుకొని ఉన్న 400 ఎకరాల్లో పొక్లెయిన్లు దిగాయి. భూమి ప్రభుత్వానిదని ప్రభుత్వం, అది అడవి అని విద్యార్థులు, పర్యావరణవాదులు. రాత్రుళ్లు కూడా చెట్లు కూల్చారు. నెమళ్ల అరుపులు వినిపిస్తున్న వీడియోలు దేశమంతా తిరిగాయి. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు తనంతట తానే కలగజేసుకొని పనులు ఆపించింది. అప్పటికే సుమారు వంద ఎకరాల్లో పచ్చదనం పోయింది. ఆ నేల మీద తంగేడు, సీతాఫలం పొదల మధ్య మచ్చల జింకలు, నక్షత్ర తాబేళ్లు తిరిగేవి. ఇక్కడి బండలు రెండు వందల యాభై కోట్ల ఏళ్ల నాటివి. వాటిని కాపాడమంటూ 1996లో పుట్టిన 'సొసైటీ టు సేవ్ రాక్స్' ఈనాటికీ జనాన్ని బండల మధ్య నడిపిస్తోంది. ఈ ఐటీ కారిడార్‌లో ఒకప్పటి గుట్టల్లో ఎన్నో ఇప్పుడు లేవు.

"నువ్వు వికారాబాద్ దాక పంపుతనంటున్నవు," అంది అత్త వెనక్కి తిరక్కుండానే. "ఈడ ఇంటి ముంగట ఉన్నది పోతుంటే ఈ బిల్డింగుల నుంచి ఎందరు దిగిన్రు? మేం చిన్నగున్నప్పుడు అడవికి పంపలే మమ్మల్ని ఎవలూ. అడవే పక్కన ఉండె. మదనపల్లె కాడ రిషి వ్యాలీ బడి చూసినవా? బోడి గుట్టలకు చెట్లు పెంచుకొని, 1991ల తమ లోయనే పక్షుల రక్షణ చోటు చేసుకున్నరు. ఆడి పిల్లలకు పిట్టల పేర్లు క్యాంపుల నేర్పరు. కిటికీ తెరిస్తే నేర్సుకుంటరు."

"నేను దిగలే," ఒప్పుకున్నాడు అల్లుడు. "ఆ వారం ఆఫీసుల సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉండె." కాసేపాగి అన్నాడు: "గాని అత్తమ్మా, దిగిన పిల్లలు ఎవరు? ఆ చెట్ల మధ్య తిరిగినోళ్లే. జింక ఎట్లుంటదో తెలిసినోళ్లే దాని కోసం కొట్లాడిన్రు. నా బిడ్డ రేపు దిగాలంటే ఇయ్యాల ఆ చెట్టు పేరు తెలవాలె గదా? నాకు తెలిసి ఉంటే నేనూ దిగుదునేమో."

అత్త వెనక్కి తిరిగి అతని ముఖంలోకి చూసింది. ఆ సాయంత్రం అంతటిలో అతను చెప్పిన గట్టి మాట అదే. శిబిరాలను వ్యాపారమని తోసిపుచ్చేవాళ్లు కూడా దీనికి జవాబు చెప్పాల్సి ఉంటుంది. పేరు తెలియని చెట్టు కోసం ఎవరూ రోడ్డెక్కరు. ఆ పేరు చెప్పే మనిషి ఇంట్లో లేకపోతే, ఎవరో ఒకరు ఎక్కడో ఒకచోట చెప్పాల్సిందే.

"సరే," అంది ఆమె. "ఫోను కలుపు. నేను అడిగేటియి అడుగు."

నిర్వాహకుడు ఫోనెత్తాడు. అల్లుడు స్పీకర్ పెట్టాడు. బండ ఎక్కించే మనిషి ఎక్కడ నేర్చుకున్నాడు? ఎందరు పిల్లలకు ఒక పెద్ద మనిషి, రాత్రిపూట ఆడపిల్లల గుడారాల దగ్గర ఎవరు ఉంటారు? వాగు, చెరువు దగ్గరికి తీసుకెళ్తారా, తీసుకెళ్తే రక్షకుడు ఎవరు? మూడింటికీ తడుముకోకుండా జవాబులు వచ్చాయి. నీళ్ల దగ్గరికి వెళ్లం అన్నాడు. నాలుగోది అత్తే నేరుగా అడిగింది. "పాము కరిస్తే ఏ దవాఖానకు తీసుకపోతరు? మందు ఆడ ఉన్నదో లేదో ఎప్పుడు కనుక్కున్నరు?"

అవతల మాట ఆగిపోయింది. "కనుక్కొని చెబుతా మేడమ్."

ఆ ప్రశ్న ఆమె ఊరికే అడగలేదు. 2000 నుంచి 2019 దాకా మన దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారని 2020లో వచ్చిన అధ్యయనం లెక్కగట్టింది. వాళ్లలో పావువంతుకు పైగా పదిహేనేళ్లలోపు పిల్లలు. ఎక్కువ మరణాలు జరిగిన రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర, ఈ నాలుగింటి విషానికీ పనిచేసే మందు ఒకటే, అది పెద్దాసుపత్రుల్లో దొరుకుతుంది. గాయాన్ని కోయకూడదు, తాడుతో బిగించి కట్టకూడదు, కరిచిన కాలు కదపకుండా వీలైనంత తొందరగా ఆసుపత్రికి చేర్చాలి. ఎన్ని నిమిషాల్లో చేరగలమో శిబిరం మొదలుకాకముందే తెలిసి ఉండాలి.

నిర్వాహకుడు మర్నాడు మధ్యాహ్నం మళ్లీ ఫోన్ చేశాడు. ఆసుపత్రి పేరు చెప్పాడు, తానే వెళ్లి మందు ఉందని చూసి వచ్చానన్నాడు, శిబిరం నుంచి ఎంత దూరమో చెప్పాడు, రాత్రంతా ఒక కారు, డ్రైవరు అక్కడే ఉంటారన్నాడు. అల్లుడు అప్పుడే డబ్బు కట్టాడు.

కాని ఆ ఫోను వచ్చేసరికే ముగ్గురూ ఒక చోటికి వెళ్లి వచ్చేశారు. ఆదివారం పొద్దున ఐదున్నరకే అత్త ఇద్దర్నీ లేపింది. ఖాజాగూడ గుట్టల మీద ఎండెక్కే దాకా తిరిగారు. పిల్ల చెప్పులు విప్పి బండ మీద నడిచింది. వచ్చే ఆదివారం కొత్తగూడ బొటానికల్ గార్డెన్. 270 ఎకరాల పైచిలుకు పచ్చదనం అది, కారులో అయితే ఇంటి నుంచి దూరమేమీ కాదు. ఏడేళ్లుగా ఆ గేటు ముందునుంచే ఆఫీసుకు పోతున్నా లోపలికి ఒక్కసారీ వెళ్లలేదని అల్లుడు చెప్పాడు.

ఈ వేసవిలో పిల్లల్ని శిబిరానికి పంపబోతున్న తల్లిదండ్రులకు ఒక మనవి. డబ్బు కట్టే ముందు అత్త అడిగించిన ఆ నాలుగు ప్రశ్నలూ అడగండి. నాలుగో దానికి జవాబు రాకపోతే పంపకండి. శిబిరం నుంచి వచ్చాక పిల్లను వారానికి ఒక్క పొద్దునైనా మీ పేట పక్కనున్న గుట్టకో చెరువుకో తీసుకెళ్లండి. ఒకరోజు ఆ గుట్ట మీద పొక్లెయిన్ కనిపిస్తే, ఎవరి అనుమతితో వచ్చిందని పిల్ల పక్కన ఉండగానే అడగండి.